కడలి పుట్టువు: ఒక ఫిన్నుదేశపు గానసంపుటి

ఈ మాసము మేము వ్రాయబూనిన విషయము ఇట్టి పత్రికలలో తరచుగా కానవచ్చునది కాదు. పచ్చళ్లను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, పుణ్యస్త్రీల చరిత్రములను గూర్చియు చదువ మరగిన కన్నులకు ‘మెటల్‌’ సంగీతమను మాట కొంత కటువుగా తోచవచ్చును. కాని నేడు ఏ యింట జూచినను ఎదిగిన పిల్లలు చెవులలో తీగలు దూర్చుకొని తల లాడించుచున్నారు. తల్లి అదేమని యడిగినచో “నీకు తెలియదులే అమ్మా” అని యొక్క మాటతో త్రోసివేయుదురు. తెలియదనిపించుకొనుట మాకు చిన్ననాటినుండియు గిట్టదు. అందుచే మేమును విని చూచితిమి. చాల భాగము మాకు నచ్చలేదని దాచక చెప్పుచున్నాము. కాని ఆ గర్జనముల నడుమ ఒక్కచోట శాస్త్రోక్తముగా సాధన చేసిన స్త్రీకంఠ మొకటి విననైనది. ఆ కంఠము అచ్చటి కెట్లు వచ్చెను? అచ్చట దానికి దొరకిన గౌరవ మెట్టిది? ఈ ప్రశ్నలే మాచేత కలము పట్టించినవి.

ఆ గానసంపుటి పేరు ‘ఓషన్‌బార్న్‌’. కడలియందు జనించినదని యర్థము. ‘నైట్‌విష్‌’ అను ఫిన్నుదేశపు బృందము 1998 లో వెలువరించిన రెండవ యాల్బ మిది. కడలి పుట్టువనగానే మన మనస్సునకు క్షీరసాగరకన్యయైన లక్ష్మియే తోచును. ఆ కడలియందే ఆమెకు ముందు హాలాహలమును పుట్టినదని భాగవతము వినినవారెల్ల నెరుగుదురు. పేరు పెట్టిన ఆ యువకునకు మన పురాణము తెలిసియుండునని మే మనుకొనము. అయినను, విని ముగించునప్పటికి అమృతమును విషమును ఒక్క కడలియందే కలవన్న తలంపు మాకు రాకపోలేదు.

ముందుగా ఈ సంగీతజాతిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసియున్నది. మెటల్‌ అనగా లోహము. 1970 ప్రాంతమున ఇంగ్లండులో, కర్మాగారములకు నెలవైన బర్మింగ్‌హామ్‌ పట్టణపు యువకులు, విద్యుత్తుతో మ్రోగు గిటారుల ధ్వనిని కావలెననియే బొంగురు పరచి, బరువుగా వాయించుట మొదలిడిరి. దాని సంతతి పలు శాఖలుగా పెరిగెను. అందు ‘పవర్‌ మెటల్‌’ అనునది ఒకటి. జర్మనీలోని హాంబుర్గు నగరపు ‘హెలోవీన్‌’ అను బృందము 1987, 1988 సంవత్సరములలో తెచ్చిన రెండు ఆల్బములు ఈ శాఖకు మార్గదర్శకములని చెప్పుదురు. మన యలంకారశాస్త్రపు మాటలలో చెప్పవలెనన్న, తక్కిన మెటల్‌ సంగీతము రౌద్రభయానకములను ఆశ్రయింపగా, పవర్‌ మెటల్‌ వీరాద్భుతములను ఆశ్రయించినది. నడక మిక్కిలి ద్రుతము. డ్రమ్ములు వాయించువాడు చేతులతో తృప్తినొందక, రెండు పాదములతోను రెండు మీటలు త్రొక్కి పెద్ద భేరిని గుఱ్ఱపు పరుగువలె మ్రోగించును. ఇంత వేగముపైనను పాట వరుస మాత్రము విస్పష్టముగా, కూడ పాడుకొనుటకు వీలుగా నుండును. దీనికి ఫిడేళ్లు, మురళి, బృందగానము మున్నగు పాశ్చాత్య శాస్త్రీయవాద్యముల నాదమును చేర్చినచో ‘సింఫొనిక్‌’ అను విశేషణము చేరును. అంతకుమించి లక్షణనిరూపణము ఇచ్చట అనవసరము.

ఫిన్లాండునకు తూర్పుకొసను, రష్యా సరిహద్దునకు చేరువగా, ఉత్తర కరేలియాసీమలో కితే అను చిన్న యూరు కలదు. చుట్టును సరస్సులు, దేవదారువంటి చెట్ల యడవులు. ఈ కరేలియా సీమయందలి పల్లెపాటలను సేకరించియే లోన్‌రోట్‌ అను వైద్యుడు 1835 లో ‘కలేవల’ యను ఫిన్నుల మహాకావ్యమును కూర్చెను. కితే గ్రామము దొంగచాటు సారాయమునకును పేరు మోసినదట; ఆ కీర్తిని గూర్చి మేము విస్తరింపము. 1996 జూలై మాసమున, అచ్చటి సరస్సులోని యొక దీవియందు చలిమంట ప్రక్కను కూర్చున్నప్పుడు, తువోమాస్‌ హోలోపైనెన్‌ అను పందొమ్మిదేండ్ల యువకునకు మృదువైన వాద్యములతో రాత్రివేళకు తగిన పాటలు కట్టవలెనని బుద్ధి పుట్టినది. అతడు చిన్ననాట క్లారినెట్‌ అభ్యసించినవాడు, కీబోర్డు వాయించువాడు. గిటారునకు ఎంప్పు వూరినెన్‌ అను నేస్తమును, పాడుటకు అదే యూరి పడుచైన తార్యా తురునెన్‌ను పిలిచెను.

చిక్కు ఇచ్చటనే వచ్చినది. చలిమంట పాటలకు చలిమంట గొంతు కావలెను. తార్యాది ఆ గొంతు కాదు. కితేలో ఆమెకు సంగీతము చెప్పిన గురువు ప్లామెన్‌ డిమోవ్‌. ఆమె పదునైదేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి, కళలకు ప్రత్యేకముగా నేర్పడిన సవోన్లిన్నా పట్టణపు పాఠశాలలో చేరినది; పిమ్మట కువోపియో పట్టణమున సిబేలియస్‌ అకాడమీవారి శాఖలో చదువ బోయినది. ఒపేరా రంగస్థలమున, ధ్వనివర్ధకము లేకయే, పెద్ద వాద్యబృందమును దాటి కడపటి వరుసవరకు వినబడుటకై సాధన చేయు సొప్రానో కంఠ మామెది. అట్టి కంఠము నొక చిన్న గిటారు ప్రక్కను నిలుపగా, పూరిపాకలో గజలక్ష్మిని ప్రతిష్ఠించినట్లయ్యెను. ఆ యువకులు గ్రహించిరి. గ్రహించి ఏమి చేసిరన్నదే మాకు ముచ్చటైన సంగతి. “అమ్మాయీ, గొంతు తగ్గించుము” అనలేదు, పాకను పెంచిరి. విద్యుద్గిటారు వచ్చినది, యుక్కా నెవలైనెన్‌ డ్రమ్ములతో వచ్చెను. 1997 లో ‘ఏంజెల్స్‌ ఫాల్‌ ఫస్ట్‌’ అను మొదటి యాల్బము వెలువడినది.

ఆ మొదటి యాల్బమును మేము విన్నాము. అందు పాక యింకను పూర్తిగా మేడ కాలేదు. కొన్ని పాటలు చలిమంటవి, కొన్ని భేరీనాదములవి. కొన్నింట హోలోపైనెన్‌ తానును పాడెను. ఆ గొంతు ఆమె గొంతు చెంత వెలవెల బోయినది. అతనికిని అట్లే తోచియుండవలెను, రెండవ యాల్బమునుండి పాడుట మానివేసెను. కళాపూర్ణోదయమున నారదుడంతవాడు శ్రీకృష్ణుని దేవేరులయొద్ద సంగీతము నేర్చి తన యహంకారమును పోగొట్టుకొనిన కథ మన యిండ్లలో చదివినదే. కవి తన నోరు మూసికొని స్త్రీకంఠమునకు చోటిచ్చుట సామాన్యముగా జరుగు పని కాదు.

1997 డిసెంబరు 31 వ నాటి రాత్రి కితేలో వారు మొట్టమొదటిసారి సభలో పాడిరి. ఆ చలికాలమంతయు కలిపి ఏడు సభలకంటె చేయలేకపోయిరి. గిటారువాడును డ్రమ్ములవాడును ఆ దేశపు చట్టము ననుసరించి సైన్యమున పని చేయుచుండిరి; తార్యాకు చదువు. సామి వాన్‌స్కా అను మంద్రగిటారు వాద్యగాడు క్రొత్తగా చేరెను. 1998 లో కితేలోనే, తెరో కిన్నునెన్‌ పర్యవేక్షణమున, రెండవ యాల్బమును ధ్వనిముద్రణము చేసిరి. స్వరముల తూకము సవరించు పని హెల్సింకిలోని ఫిన్‌వాక్స్‌ ముద్రణశాలలో జరిగినది. తార్యాకును హోలోపైనెన్‌కును అప్పటికి ఇరువదియొక్క యేండ్లే. ఈ యాల్బమున మ్రోగు ‘సింఫొనీ’లో నిజమైన తంత్రీవాద్యములు వాయించినవారు నలుగురే, తక్కినది చాలమట్టునకు కీబోర్డు మాయ. (పట్టణవాద్యబృందమును పిలిపించుకొను భాగ్యము వారికి 2002 లో గాని కలుగలేదు.) ఆ నలుగురిలో ఫిడేలు పట్టినవాడెవడు? తార్యా గురువైన ఆ డిమోవ్‌ గారే! శిష్యురాలు భేరీమృదంగముల నడుమ నిలిచి పాడుచుండగా పెదవి విరిచి కూర్చుండక, తానును ఫిడేలు తీసికొని వచ్చిన ఆ యుపాధ్యాయునకు మా నమస్కారము.

ఇక పాటలు. మొదట పది యుండెను. అన్నింటిని వర్ణింపము, కొన్నింటికి ఒక్క వాక్యము చాలును. ‘స్టార్‌గేజర్స్‌’ అను తొలి పాట పరుగుతో తలుపు త్రోసికొని వచ్చును. ‘గెత్సెమనే’ క్రీస్తు కడపటి రాత్రి ప్రార్థించిన తోటను గూర్చినది. ‘మూన్‌డాన్స్‌’ పాట కాదు, మాటలు లేని వాద్యగోష్ఠి. ‘శాక్రమెంట్‌ ఆఫ్‌ వైల్డర్‌నెస్‌’ మంచు కురిసిన యడవిని గూర్చినది. దీనిని విడిగా విడుదల చేయగా ఫిన్లాండున అమ్మకపు పట్టికలో మొదటి స్థానమున నిలిచెను, ఆల్బము ఐదవ స్థానమువరకు ఎక్కెను. ఫరో చక్రవర్తి మృగశిరా నక్షత్రమండలమునకు ఓడనెక్కి పోవు పాట మరియొకటి కలదు; అది మాకు మిక్కిలి దీర్ఘముగాను, ఆర్భాటముగాను తోచినది.

మేము మరల మరల వినినది ‘ప్యాషన్‌ అండ్‌ ది ఒపేరా’. పాట సగము దాటువరకు మాటలతోనే నడచును. అటుపిమ్మట ఆ కంఠము మాటలను విడిచిపెట్టి, వట్టి అచ్చులతో, తునక తునకగా తెగిన స్వరములతో తారస్థాయి మెట్లెక్కుట మొదలుపెట్టును. పాశ్చాత్యులు దీనిని కొలరతూర యందురు. 1791 నాటి మొజార్టు ‘మాయామురళి’ యను ఒపేరాలో రాత్రిదేవి పాడు పాట ఈ విద్యకు పరాకాష్ఠ. మనలో ఆకారసాధకము చేసినవారికి ఇందలి కష్టము చెప్పనక్కరలేదు. మనము స్వరమునుండి స్వరమునకు జారుచు, గమకముతో దారి మెత్తన చేసికొందుము. వీరి పద్ధతిలో ఆ జారుట కూడదు. ప్రతి స్వరమును సూదిమొనపై నిలిచినట్లు విడివిడిగా నిలువవలెను. అది చాలదన్నట్లు క్రింద గిటారులు తరుముచుండును. ఒక్క స్వరము ప్రక్కకు ఒరిగినను ఎల్లరికి తెలియును. ఆమె ఒరుగలేదు.

భేరీనాదమునడుమ ఈ గొంతు ఎట్లు వినబడుచున్నదని మాకు సందేహము కలిగెను. ధ్వనివర్ధకము సాయము సరే. అంతకంటె సూక్ష్మమైన కారణ మొకటి కలదు. మెటల్‌ వాద్యములలో బరువంతయు మంద్రమున నుండును; గిటారులు, మంద్రగిటారు, పెద్ద భేరి, అన్నియు క్రిందనే గుమిగూడును. అచ్చట వానితో పోటీపడి అరచువాని గొంతు వానిలోనే కలసిపోవును. తారస్థాయిలో నిలిచిన సొప్రానోకు పైన ఆకాశము విడుపుగా నుండును. ఆమె ఆ రొద నణచుటకు యత్నింపలేదు, దానిపైన నిలిచినది.

ఆమెకు ముందును మెటల్‌ సంగీతమున స్త్రీలు లేకపోలేదు. 1995 లో నార్వేదేశపు బృంద మొకటి సన్నని స్త్రీకంఠమును పురుషుని ఘర్జనకు ఎదురు నిలిపి పాడించెను; దాని ననుసరించి పలువురు అట్లే చేసిరి. ఆ పద్ధతిలో స్త్రీ యెప్పుడును రాక్షసుని చెఱలోని కన్యకయే. ‘ఓషన్‌బార్న్‌’ లోను రెండు పాటలలో తాపియో విల్‌స్కా అను అతిథి ఘర్జించును. అందు ‘డెవిల్‌ అండ్‌ ది డీప్‌ డార్క్‌ ఓషన్‌’ అనునది సంవాదము. కాని వినినచో చెఱ పడినది ఎవరో పోల్చుకొనుట కష్టము! అతడు ఎంత గద్దించినను ఆమె గొంతు బెదరదు, బ్రతిమాలదు. సమానస్కంధురాలివలె బదులు చెప్పును. హాలాహలమని మేము మొదట అన్నది ఈ ఘర్జనమునే. పిల్లలకు ఇది యెంతో ప్రియమట. మాకు కాదు. అయినను ఆ సంవాదమునందు ఆమె నిలుచు తీరు చూచి, పాటను నడుమ నాపలేకపోతిమి.

‘స్వాన్‌హార్ట్‌’, అనగా హంసహృదయము, విలంబమున సాగు పాట. వేగము తొలగగానే కంఠముయొక్క నిజమైన చదువు బయటపడును. శ్వాస ఎచ్చట తీసినదో తెలియదు. దీర్ఘమైన వాక్యము తుదివరకు దీపశిఖవలె నిలుకడగా వెలుగును. చివరి పాట ‘వాకింగ్‌ ఇన్‌ ది ఎయిర్‌’ వీరి స్వంతము కాదు. ఒక బాలుడు తాను చేసిన మంచుబొమ్మ ప్రాణము పొంది తన్ను ఆకాశమున విహరింపజేయుట 1982 లో ఇంగ్లండున తీసిన చిన్నపిల్లల బొమ్మలచిత్రపు కథ. దానికి హోవర్డ్‌ బ్లేక్‌ కూర్చిన పాట యిది. లోహగర్జనముల యాల్బమును పసిపిల్లల పాటతో ముగించుట మాకు మిక్కిలి నచ్చినది. తరువాత 1999 లో, ఆగస్టు 11 వ నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును పురస్కరించుకొని ‘స్లీపింగ్‌ సన్‌’ అను పాట కట్టి, ఆల్బముయొక్క క్రొత్త ముద్రణమున చేర్చిరి. అదియు చల్లని పాటయే.

శాస్త్రీయసంగీతజ్ఞులలో కొందరు ఇట్టి పనిని చూచి, విద్యను సంతలో పెట్టినదని నిందింతురు. ఆ నిందలో కొంత న్యాయము లేకపోలేదు. సుకుమారమైన కంఠము నిట్టి రొదలో నిత్యము ప్రయోగించుట అపాయకరమే. తరువాతి యాల్బములలో ఆమెయే ఈ ఒపేరా ఫణితిని కొంత సడలించుకొన్నది. కాని విద్య సంతకు పోయినదా, సంత విద్యవద్దకు వచ్చినదా యని మేము ప్రశ్నింతుము. ఈ యాల్బమున తార్యా తన బాణీ నేమియు మార్చుకొనలేదు. భేరులే ఆమె బాణీకి తగునట్లు సర్దుకొన్నవి. ఆమెయు చదువు మానలేదు, పిమ్మట జర్మనీలోని కార్ల్స్‌రూహే సంగీతకళాశాలకు పోయి మరల విద్యార్థినియై కూర్చున్నది. దొరసానుల సభలో మాత్రమే వినదగిన కంఠమును, ఒపేరామందిరపు గడప త్రొక్కని పడుచువారు వేలకొలది విని, మూలమేదో తెలిసికొనగోరిరన్నచో అది విద్యకు నష్టమా?

మాకు అంతకంటె ముల్లువలె గ్రుచ్చుకొనిన సంగతి వేఱొకటి కలదు. ఈ పాటల మాటలు హోలోపైనెన్‌వి. వరుసలు చాలమట్టునకు అతనివే. అందలి కలలు, బెంగలు, ప్రణయభంగములు, దేవుని గూర్చిన సందేహములు, సమస్తమును ఒక యిరువదియొక్కయేండ్ల పురుషునివి. ఆ మాటలలో లేతదనమును, పటాటోపమును కలవు. వానిని నమ్మదగినవిగా చేసినది ఆమె గొంతు. అయినప్పుడు పాట ఎవరిది? క్షేత్రయ్య పదములు క్షేత్రయ్యవే, సందేహము లేదు. కాని వానిని తరతరములుగా చావనీయక నిలిపినది దేవదాసీల గొంతులు. వారి పేర్లు మనలో ఎందరికి తెలియును?

ఈ ప్రశ్న ఊహకై వేసినది కాదు. 2005 అక్టోబరు 21 వ తేదీన హెల్సింకిలో వేలకొలది జనుల యెదుట పెద్ద సభ జరిగెను. సభ ముగిసిన వెంటనే తక్కిన నలుగురు పురుషులును తార్యాకు ఒక లేఖ చేతికిచ్చిరి: ఇక నీవు మా బృందమున లేవని. ఆ లేఖను లోకమెల్ల చదువునట్లు ప్రకటించిరి గూడ. ఆమె మారిపోయినదని, ధనాపేక్ష పెరిగినదని, భర్త ప్రమేయము హెచ్చినదని వారి యారోపణ. ఆమెయు తన బాధను బహిరంగముగా చెప్పుకొన్నది. ఇరుపక్షముల తగవు తీర్చుటకు మేము ఎవరము? ఒక్కటి మాత్రము చెప్పుదుము. తొమ్మిదేండ్లు కలిసి పని చేసినవారు ఎదుట కూర్చుండి నోట చెప్పవలసిన మాటను కాగితమున పెట్టి లోకమునకు చూపుట మర్యాద కాదు. తప్పు ఆమెదే యైనను కాదు.

బృందము నిలిచినది. 2007 నుండి 2012 వరకు పాడిన ఆనెట్‌ ఓల్‌జోన్‌ అను స్వీడన్‌ గాయని ఒపేరా మార్గపు మనిషి కాదు. ఆమె తరువాత నెదర్లాండుస్త్రీ ఫ్లోర్‌ యాన్‌సెన్‌ వచ్చినది. 2018 లో పాత పాటల సంచారము చేసినప్పుడు ‘గెత్సెమనే’ను, సైతానుతోడి ఆ సంవాదమును ఆమె సమర్థురాలై పాడినది. అయినను ఆ పాటలను కట్టునప్పుడు ఏ గొంతును మనస్సున నుంచుకొని కొలతలు తీసిరో, ఆ గొంతు కొలత వానిలో ఇంకను కనబడుచునే యున్నది. ఒకరికై కుట్టిన రవిక మరియొకరు చక్కగా తొడుగుకొన్నను కుట్టు గుర్తులు తెలియునట్లు. తార్యా 2006 మొదలు తన పేరిటనే ఆల్బములు వెలువరించుచు వచ్చినది.

వినదలచిన సోదరీమణులు మొదటి పాటతో ఆరంభింపవలదని మా సలహా, జడిసి మానివేయుదురు. ముందుగా ‘స్వాన్‌హార్ట్‌’ వినవలెను, వంటయిల్లు సర్దుకొనిన పిమ్మట, దీపము తగ్గించుకొని. మరునాడు ‘వాకింగ్‌ ఇన్‌ ది ఎయిర్‌’. చెవి కొంత అలవాటుపడిన పిదప ‘ప్యాషన్‌ అండ్‌ ది ఒపేరా’ పెట్టుకొని, ఆ మాటలు విడిచిన చోటికై వేచియుండవలెను. ఘర్జనము గల ఆ రెండు పాటలను మాత్రము అత్తగారు పగటినిద్రలో లేని వేళ చూచుకొని వినుట మంచిది. ఇంటిలో ఎదిగిన పిల్లలున్నచో వారినే ప్రక్కను కూర్చుండబెట్టుకొని, ఆ కొలరతూర ఎట్లు పాడుదురో వారికి తెలియునేమో అడిగి చూడుడు.